అనుకోని అణు గొలుసు చర్యను అడ్డుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలు రియాక్టర్ల గురించి కావు. యురేనియం, ప్లుటోనియం ఇంధనాన్ని కరిగించే, వడకట్టే, ఎండబెట్టే, డ్రమ్ముల్లో దాచే, లారీల్లో మోసే చోట్ల ఎవరూ కోరకుండా గొలుసు చర్య మొదలైతే ఏమవుతుంది, అది మొదలవకుండా ఏం చేస్తారు అన్నదే విషయం. ఈ పని చేసేవాళ్లు దీన్ని క్రిటికాలిటీ భద్రత అంటారు. మనమూ ఆ మాటే వాడదాం.

క్రిటికాలిటీ ప్రమాదంలో అసలు జరిగేదేమిటి?

యురేనియం-235 కేంద్రకం ఒకటి చీలితే సగటున రెండున్నర దాకా కొత్త న్యూట్రాన్లు పుడతాయి. వాటిలో కొన్ని పాత్ర గోడలు దాటి బయటికి పోతాయి. కొన్నింటిని వేరే కేంద్రకాలు చీలకుండానే మింగేస్తాయి. మిగిలినవి మళ్లీ చీలుస్తాయి. ఒక తరం న్యూట్రాన్లకు తర్వాతి తరం ఎన్ని రెట్లో చెప్పే అంకెను కె అంటారు. అది 1 కన్నా తక్కువైతే చర్య దానంతటదే ఆరిపోతుంది. 1కి చేరితే నిలబడుతుంది, దీన్నే క్రిటికల్ కావడం అంటారు. దాటితే పెరుగుతుంది.

యురేనియం-235 విషయంలో న్యూట్రాన్లలో దాదాపు 0.65 శాతం కాస్త ఆలస్యంగా, క్షణాల తేడాతో పుడతాయి. రియాక్టర్‌ను మనిషి అదుపు చేయగలుగుతున్నాడంటే ఆ ఆలస్యం వల్లే. కె విలువ 1ని ఆ కొద్ది మేరకన్నా ఎక్కువగా దాటితే ఆలస్యపు న్యూట్రాన్లతో పనిలేకుండానే చర్య పెరుగుతుంది. కన్ను మూసి తెరిచేలోపు న్యూట్రాన్, గామా వికిరణాలు ఎగసిపడతాయి. ప్లుటోనియంలో ఈ వెసులుబాటు ఇంకా తక్కువ, సుమారు 0.2 శాతం.

అణుబాంబులా పేలుతుందా?

పేలదు. ద్రావణం వేడెక్కి, బుడగలు లేచి, వ్యాకోచించగానే కె పడిపోతుంది. ప్రాణాలు తీసేది పేలుడు కాదు, పక్కన నిలబడ్డ మనిషికి తగిలే వికిరణం. 1999లో జపాన్‌లోని తొకైమురాలో దాదాపు 20 గంటలు సాగిన ప్రమాదం మొత్తంలో చీలిన యురేనియం-235 ఒక మిల్లీగ్రాము మాత్రమే. విడుదలైన శక్తి సుమారు 22 యూనిట్ల కరెంటుకు సమానం. ఆ మిల్లీగ్రాముకే ఇద్దరు చనిపోయారు.

ఎంత పదార్థం ఉంటే ప్రమాదం?

ఒక్క అంకెలో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. పదార్థం ఏ రూపంలో ఉంది, ఏ ఆకారంలో ఉంది, చుట్టూ ఏముంది అన్నవాటిని బట్టి అది కిలోల నుంచి గ్రాములకు దిగిపోతుంది.

నీటిలో కరిగిన రూపం అన్నిటికన్నా ప్రమాదకరం. నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్ల వేగం తగ్గిస్తుంది, వేగం తగ్గిన న్యూట్రాన్ చాలా సులువుగా చీలుస్తుంది. అందుకే అమెరికా ప్రమాణాల్లో నీటి ద్రావణాలకు ఇచ్చిన సురక్షిత పరిమితులు చాలా చిన్నవి: యురేనియం-235కి 760 గ్రాములు, యురేనియం-233కి 550, ప్లుటోనియం-239కి 480. చుట్టూ మందంగా నీళ్లున్నా క్రిటికల్ కాకుండా ఉండే హద్దులివి. అక్కడిదాకా వెళ్లమని కాదు, అది దాటితే ఇక మరో రక్షణ లేకుండా కుదరదని అర్థం.

పెద్ద ఫ్యాక్టరీ చేతిలో ఉన్నప్పుడు ఈ గ్రాములు చిన్నవిగా కనిపించవచ్చు. కల్పాక్కంలోని కామిని రియాక్టర్‌ను తలుచుకుంటే వాటి బరువు తెలుస్తుంది. నీళ్లు, బెరీలియం ఆక్సైడ్ పరావర్తకం (న్యూట్రాన్లను తిప్పి లోపలికి పంపే పొర) సాయంతో, దాదాపు 600 గ్రాముల యురేనియం-233తోనే అది నడుస్తుంది.

అడ్డుకోవడానికి అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి ఏది?

పాత్ర ఆకారం. ఇందులో రెండో మాట లేదు.

గుట్టగా పోసిన అన్నం గంటసేపు వేడిగా ఉంటుంది, పళ్లెంలో పలచగా పరిస్తే నిమిషాల్లో చల్లారుతుంది. న్యూట్రాన్లూ అంతే. సన్నటి పొడవాటి గొట్టంలోనో పలచటి పళ్లెంలోనో ఉన్న ద్రావణం నుంచి అవి బయటికి జారిపోతూనే ఉంటాయి. బాగా సుసంపన్నమైన (యురేనియం-235 వాటా బాగా పెంచిన) యురేనియం ద్రావణానికి గొట్టం వ్యాసం 13.7 సెం.మీ. మించకూడదు. ప్లుటోనియం నైట్రేట్‌కు 15.4 సెం.మీ. పళ్లెంలా పరుచుకున్న యురేనియం ద్రావణం లోతు 4.4 సెం.మీ. లోపు ఉండాలి. ఈ కొలతలు పాటిస్తే లోపల ఎంత గాఢమైన ద్రావణం పోసినా ఒంటరిగా ఆ పాత్ర క్రిటికల్ కాదు. ఆపరేటర్ లెక్క తప్పినా, తూకం తప్పినా, రాత్రి షిఫ్టులో నిద్రమత్తు ఉన్నా గొట్టం వ్యాసం మారదు.

ఇంధన కర్మాగారాల్లో ట్యాంకులు పైపుల్లా సన్నగా, ఎత్తుగా, ఒకదానికొకటి దూరంగా ఎందుకుంటాయని సందర్శకులు అడుగుతుంటారు. కారణం ఇదే. నేల కూడా ఈ లెక్కలోకే వస్తుంది: ట్యాంకు కారితే ద్రావణం ఒక గుంటలో లోతుగా చేరకుండా, వెడల్పుగా పలచగా పరుచుకునేలా కింది తొట్టిని కడతారు. తుడవడానికి తెచ్చిన మామూలు బకెట్టు మాత్రం ఆ జాగ్రత్తనంతా వమ్ము చేయగలదు.

పెద్ద ట్యాంకే కావాల్సి వస్తే?

అప్పుడు న్యూట్రాన్లను మింగే పదార్థాలు పెడతారు. బోరాన్ కలిసిన గాజు రింగులను ట్యాంకు నిండా నింపి, వాటి సందుల్లో ద్రావణం ఉండేలా చూడటం పాత, మంచి పద్ధతి. గాడొలీనియం, కాడ్మియం కూడా వాడతారు. ఇక్కడ తప్పు జరిగేది తనిఖీలో. రింగులు పగిలి కిందికి కుంగితే పైన ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలో ఉన్నది ఏ రక్షణా లేని ద్రావణమే. ద్రావణంలోనే కరిగించిన బోరాన్‌ది ఇంకో సమస్య: ఆమ్లత్వం మారితే అది అవక్షేపంగా విడిపోవచ్చు. కాబట్టి మింగే పదార్థం ఉందని కాగితం మీద రాసి ఉంటే సరిపోదు, అది ఇప్పుడు అక్కడ ఉందని ఎప్పటికప్పుడు కొలవాలి.

తొకైమురాలో ఏ నియమం తప్పింది?

చాలా తప్పాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్నదే అనిపిస్తుంది. అందుకే ఈ ఘటనను కాస్త వివరంగా చెప్పుకోవాలి.

జపాన్‌లోని ఇబరాకి ప్రిఫెక్చర్‌లో జేసీఓ అనే కంపెనీ, జోయో అనే ప్రయోగాత్మక ఫాస్ట్ రియాక్టర్ కోసం 18.8 శాతం సుసంపన్నమైన యురేనియం నైట్రేట్ ద్రావణం తయారుచేస్తోంది. అనుమతి పొందిన పద్ధతిలో ఒక విడతకు 2.4 కిలోల యురేనియమే తీసుకోవాలి. దాన్ని ప్రత్యేకమైన కరిగింపు పాత్రలో నైట్రిక్ ఆమ్లంతో కరిగించాలి. పని త్వరగా కావాలని మొదట కరిగింపు పాత్రను పక్కనపెట్టి 10 లీటర్ల స్టీలు బకెట్లలో కరిగించడం మొదలుపెట్టారు. ద్రావణాన్ని సమంగా కలపడానికి 17.5 సెం.మీ. వ్యాసమున్న సన్నటి కాలమ్ వాడేవారు. ఈ మేరకే సుసంపన్నమైన ద్రావణానికి అది ఆకారం వల్ల సురక్షితం. కానీ దాని అడుగునున్న వాల్వు నేలకు చాలా దగ్గరగా ఉండి, ద్రావణం పట్టుకోవడం కష్టంగా ఉండేది. పక్కనే కలిపే యంత్రమున్న అవక్షేపణ ట్యాంకు కనిపించింది. దాని వ్యాసం 45 సెం.మీ.

1999 సెప్టెంబరు 29న నాలుగు విడతలు అందులో పోశారు. మర్నాడు ఉదయం మరో మూడు. సుమారు పదిన్నరకు ఏడో విడత గరాటు గుండా పడుతుండగా నీలిరంగు వెలుగు, వెంటనే గామా అలారం. అప్పటికి ట్యాంకులో 16.6 కిలోల యురేనియం ఉంది. అందులో యురేనియం-235 దాదాపు 3.1 కిలోలు. ఒక విడత పరిమితిలో ఉండాల్సింది సుమారు 450 గ్రాములు.

ట్యాంకు చుట్టూ చల్లబరిచే నీటి తొడుగు ఉంది. బయటికి పోతున్న న్యూట్రాన్లను ఆ నీళ్లు తిప్పి లోపలికి పంపాయి. ద్రావణం వేడెక్కినప్పుడు చర్య తగ్గింది, చల్లారగానే మళ్లీ నిలబడింది. అలా మర్నాడు తెల్లవారిందాకా సాగింది. 350 మీటర్ల లోపు ఇళ్లవాళ్లను ఖాళీ చేయించారు. 10 కి.మీ. పరిధిలో సుమారు 3 లక్షల 10 వేల మందిని ఇళ్లలోనే ఉండమన్నారు. ట్యాంకు దగ్గరున్న ముగ్గురిలో ఒకరు డిసెంబరు 21న, మరొకరు 2000 ఏప్రిల్ 27న చనిపోయారు.

ఇదంతా కార్మికుల అజ్ఞానం అని తేల్చేయడం అన్యాయం. బకెట్ల పద్ధతిని కంపెనీ తన అంతర్గత మాన్యువల్‌లోనే రాసుకుంది. ఆ పనివాళ్లకు క్రిటికాలిటీ అంటే ఏమిటో సరిగా నేర్పలేదు. అక్కడ క్రిటికాలిటీ జరగడం అసాధ్యమన్న అంచనాతో దానికోసం ప్రత్యేక అలారం వ్యవస్థ కూడా పెట్టలేదు. 2003లో మితో జిల్లా కోర్టు కంపెనీని, ఆరుగురు అధికారులను దోషులుగా తేల్చింది.

రెండు పొరపాట్ల సూత్రం అంటే?

ఒకదానితో ఒకటి సంబంధం లేని, జరగడం అరుదైన రెండు మార్పులు ఒకేసారి జరిగితే తప్ప క్రిటికాలిటీ సాధ్యం కాకూడదు. పనిని అలా రూపొందించాలని ఈ సూత్రం చెబుతుంది. "సంబంధం లేని" అన్న మాట మీదే మొత్తం భారం ఉంది. తూకం వేసినవాడే రిజిస్టర్‌లో రాసి, అదే అంకె చూసి సూపర్‌వైజర్ సంతకం పెడితే అవి రెండు రక్షణలు కావు, ఒక్కటే. తూకం ఒక రక్షణ, పాత్ర వ్యాసం ఇంకొకటి అయితే అవి నిజంగా రెండు.

ద్రవ్యరాశి పరిమితితోనే నడిచే చోట ఎంత మార్జిన్ ఉంచుతారు?

ఒక విడత వేశామన్నది మరిచి రెండోసారి వేయడం అన్నిచోట్లా జరిగే పొరపాటు. అందుకే రెండు విడతలు కలిసినా ఫర్వాలేకుండా, కనీస క్రిటికల్ ద్రవ్యరాశిలో 45 శాతానికి మించకుండా పరిమితి పెడతారు. యురేనియం-235 ద్రావణానికి తరచు కనిపించే 350 గ్రాముల పరిమితికి లెక్క ఇదే. అంతకన్నా కష్టమైనది పాత్రలో పేరుకుపోయిన పదార్థాన్ని లెక్కించడం: ఫిల్టర్లలో, గాలి గొట్టాల వంపుల్లో, గ్లవ్ బాక్సు (బయటినుంచి చేతి తొడుగులతో పనిచేసే మూసిన పెట్టె) మూలల్లో. రిజిస్టర్ ప్రకారం వెళ్లిపోయినది నిజానికి గొట్టంలో మిగిలి ఉంటుంది. అందుకే గొట్టాల బయటినుంచి గామా కొలిచే పరికరంతో క్రమంగా తనిఖీ చేస్తారు.

చరిత్రలో ఎన్ని జరిగాయి? ఎక్కువగా ఎక్కడ?

అమెరికాలోని లాస్ అలమోస్ అణు పరిశోధన లాబొరేటరీ 2000లో వెలువరించిన సమీక్ష ప్రకారం తయారీ, శుద్ధి పనుల్లో జరిగిన ప్రమాదాలు 22: రష్యాలో 13, అమెరికాలో 7, బ్రిటన్‌లో ఒకటి, జపాన్‌లో ఒకటి. తొమ్మిది మంది చనిపోయారు. ఆ 22లో 21 ద్రావణాల్లోనో బురద లాంటి మిశ్రమాల్లోనో జరిగాయి. నిల్వలో గానీ రవాణాలో గానీ ఒక్కటీ లేదు. ప్రయోగశాలల్లో, పరిశోధక రియాక్టర్లలో జరిగినవి వేరే లెక్క.

కలిపే యంత్రం తిప్పినా ప్రమాదమేనా?

తిప్పినా, ఆపినా. ఈ రెండూ నిజంగా జరిగాయి.

1958 డిసెంబరు 30న లాస్ అలమోస్‌లో ఒక పెద్ద ట్యాంకు పైభాగంలో ప్లుటోనియం ఉన్న ద్రావకం పలచటి పొరలా తేలుతోంది. అలా పలచగా ఉన్నంతసేపు క్రిటికల్ కాలేదు. ఆపరేటర్ మోటారు స్విచ్ వేయగానే ద్రవం సుడి తిరిగి, ఆ పొర మధ్యలో మందమైంది. అతను 36 గంటల్లోపే చనిపోయాడు.

1964 జులై 24న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, వుడ్ రివర్ జంక్షన్ దగ్గర, దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. 11 లీటర్ల సన్నటి సీసాలో ఉన్నది యురేనియం చాలా తక్కువగా ఉన్న ద్రావకమని భావించి, ఆపరేటర్ దాన్ని 45 సెం.మీ. పైగా వ్యాసమున్న సోడియం కార్బొనేట్ ట్యాంకులో పోశాడు. నిజానికి అది గాఢమైన యురేనియం ద్రావణం. ట్యాంకులో యంత్రం తిరుగుతూనే ఉంది. గంటన్నర తర్వాత ఇద్దరు లోపలికి వెళ్లి యంత్రం ఆపారు. సుడి కూలి ద్రవం ఒకచోట చేరడంతో రెండోసారి క్రిటికల్ అయింది. సీసా సురక్షిత ఆకారమే, పోసిన ట్యాంకు కాదు. పోసిన ఆపరేటర్ రెండు రోజుల్లో మరణించాడు.

మనిషి శరీరం కూడా లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. శరీరంలో ఎక్కువ భాగం నీరే, కాబట్టి న్యూట్రాన్లను తిప్పి పంపుతుంది. 1958 జనవరి 2న రష్యాలోని మాయక్ అణు కర్మాగారంలో ప్రయోగం అయ్యాక మిగిలిన ద్రావణాన్ని త్వరగా ఖాళీ చేయాలని, బిగించి ఉన్న పాత్రను విప్పి చేతులతో ఎత్తి వంచారు. వంచగానే ద్రవం ఆకారం మారింది, చుట్టూ ఉన్న శరీరాలు పరావర్తకాలయ్యాయి. ముగ్గురు రోజుల్లోనే చనిపోయారు. పాత్ర బిగించిన స్టాండు సౌకర్యం కోసం పెట్టింది కాదు, భద్రతలో భాగం.

పొడి రూపంలో ఉంటే నిశ్చింతేనా?

తక్కువ సుసంపన్నమైన ఆక్సైడ్ పొడి పూర్తిగా పొడిగా ఉంటే చాలా మేరకు నిశ్చింతే. ఆ నిశ్చింత అంతా తేమ మీద ఆధారపడి ఉంది కాబట్టి ఆ గదుల్లోకి నీటి పైపులు, నూనె వాడే యంత్రాలు, పాలిథిన్ సంచుల కట్టలు లెక్క లేకుండా రానివ్వరు. అగ్నిమాపక సిబ్బందికి ఏ గదిలో నీళ్లు కొట్టకూడదో ముందే చెప్పి, తలుపు మీద రాసి ఉంచాలి. మంటల మధ్య ఆ చర్చ పెట్టుకునే సమయం ఉండదు.

నిల్వలో, రవాణాలో ఏం చూస్తారు?

ఎడం. ఒక్కో డబ్బా విడిగా సురక్షితమైనా, పక్కపక్కన చేరిస్తే ఒకదాని న్యూట్రాన్లు మరోదానిలోకి పోతాయి. అందుకే డబ్బాను పెద్ద డ్రమ్ము మధ్యలోనో ఇనుప చట్రంలోనో బిగించి, డబ్బాల మధ్య దూరం తగ్గకుండా చూస్తారు. రవాణా ప్యాకేజీ మీద క్రిటికాలిటీ భద్రతా సూచిక అనే అంకె ఉంటుంది. మామూలుగా ఒక వాహనంలో ఆ అంకెల మొత్తం 50 దాటకూడదు. గోదాములోనూ ఒక్కో గుంపు 50లోపు ఉండాలి, గుంపుల మధ్య 6 మీటర్ల దూరం ఉండాలి.

అలారం మోగితే ఏం చేయాలి?

పరుగెత్తాలి. వాల్వు మూయడం, మోటారు ఆపడం, రిజిస్టర్ తీసుకోవడం, నిజమో కాదో చూడటం, ఏదీ వద్దు. మొదటి ఎగసిపాటును మీరు ఆపలేరు, అది అలారం వినబడే లోపే అయిపోయి ఉంటుంది. మీరు తప్పించుకోగలిగేది తర్వాతివాటిని. ముందే గుర్తుపెట్టుకున్న దారిలో, ఆ గదికి దూరంగా పోయే దారిలో, చేరాల్సిన చోటుకి చేరి పేరు చెప్పాలి. అనుమతి లేకుండా లోపలికి తిరిగి వెళ్లకూడదు. వుడ్ రివర్ జంక్షన్ రెండో ఎగసిపాటు అలా వెళ్లినప్పుడే జరిగింది.

ఒకే డిటెక్టర్ పొరపాటున మోగితే జనం అలారాన్ని నమ్మడం మానేస్తారు. కాబట్టి సాధారణంగా మూడు డిటెక్టర్లలో కనీసం రెండు గుర్తిస్తేనే మోగేలా అమరుస్తారు. బయటికొచ్చాక ఎవరికి ఎంత డోసు తగిలిందో తేల్చడానికి బ్యాడ్జీలోని ఇండియం రేకును కొలుస్తారు. రక్తంలోని సోడియం న్యూట్రాన్లు తగిలి సోడియం-24గా మారుతుంది, దాన్నీ చూస్తారు. తొకైమురాలో జరిగింది క్రిటికాలిటీయే అని చెప్పిన ఆధారాల్లో అదొకటి.

ఒకసారి మొదలైన చర్యను ఎలా ఆపుతారు?

న్యూట్రాన్లు బయటికి పోయేలా చేయాలి, లేదా మింగించాలి. తొకైమురాలో రెండూ చేశారు. మొదట కంపెనీ ఉద్యోగులు జట్లుగా, ఒక్కో జట్టు కొద్ది నిమిషాలే ఉండేలా వెళ్లి, నీటి తొడుగు పైపును పగలగొట్టి నీళ్లు బయటికి పంపారు. చర్య ఆగింది. తర్వాత మళ్లీ రాజుకోకుండా బోరిక్ ఆమ్లం ట్యాంకులోకి పంపారు.

హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ)లో, తుమ్మలపల్లె గనుల్లో ఇలాంటిది జరగొచ్చా?

కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వేది సహజ యురేనియం ఖనిజం. సహజ యురేనియంలో యురేనియం-235 సుమారు 0.7 శాతమే. మామూలు నీటితో ఎంత కలిపినా అది క్రిటికల్ కాదు, దానికి భారజలమో స్వచ్ఛమైన గ్రాఫైటో కావాలి. గని, మిల్లు దగ్గర ఆలోచించాల్సినవి రేడాన్, ధూళి, వ్యర్థాల చెరువు. అవి వేరే సమస్యలు, తీవ్రమైనవే.

న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఎక్కువ భాగం భారజల రియాక్టర్ల కోసం సహజ యురేనియంతో చేసే పనే. తారాపూర్‌లోని మొదటి రెండు రియాక్టర్లకు కావాల్సిన సుసంపన్న ఇంధనం కూడా అక్కడే తయారైంది. ఆ భాగంలో పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. రెండు రకాల పదార్థం ఒకే ఆవరణలో ఉన్నప్పుడు డబ్బాల రంగు, ఆకారం, లేబుల్ వేరుగా ఉంచడం చాలా ముఖ్యం. ఒకదాని అలవాటు మరోదానికి పాకకూడదు.

ఆసుపత్రుల్లోని రేడియోధార్మిక మూలకాలతో ఇది జరుగుతుందా?

జరగదు. కోబాల్ట్-60, ఇరిడియం-192, అయోడిన్-131 గొలుసు చర్యకు పనికిరావు. వాటి ప్రమాదం వేరే రకం.

లేబుల్ లేని సీసా దొరికింది. ఏం చేయాలి?

కదపొద్దు, పోయొద్దు, మరో పాత్రలో కలపొద్దు. దాని పక్కన ఉన్న పాత్రలను కూడా దగ్గరికి జరపొద్దు. పని ఆపి సూపర్‌వైజర్‌కు, క్రిటికాలిటీ భద్రత చూసే ఇంజనీరుకు చెప్పండి. వాళ్లు వచ్చేదాకా అందులో ఉన్నది అక్కడ దొరకగలిగే అత్యంత గాఢమైన ద్రావణమే అనుకోవాలి. శాంపిల్‌ను ఒకరికి ఇద్దరు విడివిడిగా తీసి, ల్యాబ్‌లో విడివిడిగా కొలిచి, రెండు అంకెలూ సరిపోలాకే దాన్ని ఏ గొట్టంలోకి పంపాలో రాతపూర్వకంగా నిర్ణయిస్తారు. ఆ గొట్టం కూడా సన్నటిదే అయి ఉండాలి.